నారికురుపు: వార్తకు నోచుకొనని వ్యాధి

కర్నూలు, కడప మండలముల మెట్టపల్లెలలో దిగుడుబావుల మెట్లు దిగి, మోకాలిలోతు నీట నిలిచి కడవలు ముంచుకొను జనులను నారికురుపు పీడించుచుండెను. అది విషూచివలె ప్రాణములు హరించునది కాదు గనుక, మృతుల సంఖ్యనుబట్టి రోగమును తూచు విలేఖరి దృష్టికి అది ఆనుట దుర్లభము. నీటిలోని సైక్లాప్సు అను సూక్ష్మజీవులద్వారా ఉదరమున చేరిన క్రిమి, ఏడాదిలో రెండుమూరల దాక పెరిగి, కాలిమీద బొబ్బయై వెలువడును. అది తెగినచో వాపు ఇనుమడించునని, రోగి దానిని పుల్లకు చుట్టి దినమునకు అంగుళమో రెండంగుళములో లాగుచు, వారములకొలది ఇంటిపట్టున కూర్చుండెడివాడు. ఆలోగా విత్తుల అదను దాటిపోయెడిది. ఈ నష్టమే అసలు వార్త యని నా నిశ్చితాభిప్రాయము.

1963లో కడపయందు ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట, అక్షరము రానివారికిని ఆరోగ్యవిషయములు వినవచ్చెను. నారికురుపు విషయమున ఇట్టి సమాచారమే ముఖ్యము; ఏలయన ఈ వ్యాధికి టీకా లేదు, క్రిమిని చంపు మందు లేదు. వడగట్టిన నీరు, చేతిపంపు, మెట్లు మూసిన బావి, వీనితోపాటు ఫలానాపల్లెలో రోగి కలడను సమాచారము — 1983-84లో ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమమునకు ఇవియే సాధనములు. దేశమున కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు విముక్తిని ధ్రువపరచెను.

నారికురుపు పోయినను, దానివలెనే చంపక పీడించు నీటికీడు మరియొకటి మిగిలియున్నది: నీటియందలి మిక్కుటమైన ఫ్లోరైడు దంతములను, ఎముకలను నేటికిని ఏండ్లకొలది చెరచుచున్నది. విలేఖరులారా, మరణములకై వేచియుండక, ఊరి బావినీటి పరీక్షాఫలితమును అడిగి తెచ్చి, ఊరిపేరుతో ప్రచురింపుడు.