మడ అడవి ఎటు జరగాలి?

దరియాలతిప్ప యానాంలోది, పాలన పుదుచ్చేరిది. చుట్టూ ఉన్నది ఆంధ్ర. గౌతమి, కోరంగి పాయల వెంట మడ అడవి ఈ రెండు ప్రభుత్వాల నేల మీదా పెరుగుతోంది. దాని రక్షణ చరిత్రను ఇక్కడ నిలబడి చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

మొదట ఈ అడవంటే వంటచెరకు, వాసాలు, పశువుల మేత. 1780లలో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ కోరమండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించాడు. అవి 1795 నుంచి అచ్చయ్యాయి. 1839 ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. మొక్కల గురించి తెలిసినా, ఉప్పెన దెబ్బ తగిలినా, 1882 మద్రాసు అటవీ చట్టం నాటికి కూడా సర్కారు దృష్టి ప్రధానంగా కలప మీదే.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక, 1978లో కోరంగి అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. నరుకుడుకు అడ్డుకట్ట పడింది, అది పెద్ద మేలే. కానీ ఆ చట్టం జంతువుల కోసం పుట్టింది. మొక్కలకు అందులో చోటు దొరికింది 1991లో. అప్పుడు చేర్చిన ఆరు రకాల్లో తిరుమల కొండల పేరిత మొక్క ఉంది, మడజాతి ఒక్కటీ లేదు.

అంతకంటే పెద్ద చిక్కు హద్దులది. గీత గీసినచోటే అడవి ఉంటుందని అప్పట్లో అందరూ అనుకున్నారు. వాతావరణం వేడెక్కితే జీవులు అభయారణ్యాల గీత దాటిపోతాయని పీటర్స్, డార్లింగ్ అనే పరిశోధకులు 1985లోనే హెచ్చరించారు. ఇక్కడ ఆ ముప్పు రెండు వైపుల నుంచీ వస్తోంది. సముద్రమట్టం పెరుగుతోంది. ఎగువ ఆనకట్టల వల్ల గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకే సగానికి పైగా తగ్గింది. ఒండ్రు లేకపోతే డెల్టా నేల ఎత్తు పెరగదు, ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది. ప్రపంచ ముప్పు జాతుల జాబితాలో ముప్పుకు చేరువైనదిగా నమోదైన బ్రౌన్‌లోవియా టెర్సా అనే మడమొక్క ఉప్పు తక్కువున్న ఒడ్డునే బతుకుతుంది. అలాంటి మొక్క ఎగువకు, అంటే యానాం వైపుకు, జరగాలి. జరుగుదామంటే రొయ్యల చెరువుల గట్లు అడ్డం.

1990ల చివర స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊళ్ల జనం కలిసి చిన్న కాలువలు తవ్వి, పోటు నీటిని చవిటి నేలల్లోకి మళ్లీ పారించారు. చచ్చిన నేలలో మడ తిరిగి పట్టుకుంది. నాకు ఆశ కలిగించే పని అదే: నీటికి దారి ఇస్తే మొక్క తన చోటు వెతుక్కుంటుంది. కాబట్టి కొత్త రక్షిత ప్రాంతాల పటం ఇప్పుడు అడవి ఉన్నచోటితో ఆగకూడదు. రేపు మడలు చేరగల పాడుబడ్డ చెరువులనూ, పాయల ఒడ్డులనూ ఇప్పుడే ఖాళీగా ఉంచాలి. ఆ పటాన్ని రెండు ప్రభుత్వాలూ వేటకెళ్లే మత్స్యకారులతో కూర్చుని గీయాలి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి గౌతమికి వదిలే మంచినీటి లెక్క కూడా అందులో ఉండాలి.