అడ్డొచ్చిన నాడి

2021 మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక బాబాయి ఫోన్ చేశాడు. "ఎనభై ఎనిమిది చూపిస్తోందిరా" అన్నాడు. గొంతు వణుకుతోంది. కరోనా రోజులవి, అప్పటికి మన ఊళ్లలో చదువుకున్నవాళ్లకీ చదువురానివాళ్లకీ ఆక్సిజన్ 94 అనే అంకె కంఠతా వచ్చేసింది. దానికి పైన ఉంటే ఇల్లు, దిగితే ఆసుపత్రి. నేను చెప్పులు వేసుకుంటూనే అడిగాను, "పక్కన ఇంకో అంకె ఉంటుంది చూడు బాబాయ్". కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఉందిరా, తొంభై ఏడు". నాడి వేగాన్ని ఆక్సిజన్ అనుకుని చదివాడు పాపం. ఆ రాత్రి మా ఇంట్లో అందరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

వేలికి తగిలించే ఆ అగ్గిపెట్టెంత ఆక్సీమీటర్ క్లిప్పు ఒకే తెర మీద ఆ రెండు అంకెలనీ ఎందుకు చూపిస్తుందో నాకు అప్పట్లో తెలియదు. ఆక్సిజన్ కొలిచే పరికరానికి నాడి లెక్క కొసరు అనుకున్నాను. నిజానికి నాడి లేకపోతే అక్కడ ఆక్సిజన్ లెక్కే లేదు.

కరెంటు పోయినప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి వేళ్లు ఎర్రగా వెలగడం చూడని బాల్యం ఉంటుందా? ఆక్సీమీటర్ చేసేదీ అదే ఆట. వేలికి ఒకవైపు నుంచి ఎర్రని కాంతినీ, కంటికి కనపడని పరారుణ కాంతినీ మార్చి మార్చి పంపుతుంది. రెండోవైపు ఎంత చేరిందో చూస్తుంది. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ ఎరుపును వదిలేస్తుంది, పరారుణాన్ని కాస్త ఎక్కువగా మింగుతుంది. ఆక్సిజన్ దింపేసిన హీమోగ్లోబిన్ ఎరుపును మింగేస్తుంది. మంచి రక్తం ఎర్రగా, చెడు రక్తం నల్లగా ఉంటుందని పెద్దలు చెప్పేది ఇదే.

ఇంత తేలికైతే ఎప్పుడో వచ్చి ఉండాలి కదా? ప్రయత్నాలు పాతవే. 1935లో జర్మనీలో కార్ల్ మాథెస్ చెవి తమ్మె గుండా రెండు రంగుల కాంతిని పంపి చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాగా ఎత్తుకు వెళ్లిన పైలట్లు ఆక్సిజన్ అందక స్పృహ తప్పుతుంటే అమెరికాలో గ్లెన్ మిలికన్ చెవికి తగిలించే పరికరం చేశాడు. 'ఆక్సీమీటర్' అన్న పేరు ఆయన పెట్టిందే. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ మిలికన్ కొడుకు. 1947లో కొండ ఎక్కుతూ ప్రమాదంలో చనిపోయాడు.

వీళ్లందరికీ ఒకటే తలనొప్పి. కాంతిని రక్తం ఒక్కటే మింగదు. చర్మం, కండ, సిరల్లో మెల్లగా తిరిగే రక్తం, అన్నీ తలా కొంత తినేస్తాయి. మనిషికో మందం, మనిషికో రంగు. అందుకని చెవి తమ్మెను నొక్కి, రక్తం లేనప్పటి లెక్క తీసుకుని, వదిలాక దాన్ని మినహాయించేవారు. 1970లలో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎనిమిది రంగుల కాంతితో ఒక యంత్రం చేసింది. బాగానే కొలిచేది కానీ, ఆ బరువు చెవికి తగిలించుకుని తిరిగేది కాదు.

చిక్కు విప్పినవాడు అసలు ఆక్సిజన్ కోసం వెతకనే లేదు. టకువో అయోయగి జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో 1936లో పుట్టిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1971లో నిహాన్ కోడెన్ అనే వైద్య పరికరాల కంపెనీలో చేరాడు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో ధమనికి సూది గుచ్చకుండా చెవి దగ్గరే కొలవాలన్నది ఆయన పని. దానికొక పాత పద్ధతి ఉంది. సిరలోకి రంగు మందు ఎక్కించి, అది ధమనుల్లోకి వచ్చి ఎంత వేగంగా పలచబడుతోందో చూడడం. రంగు పలచబడే గీత నునుపుగా రావాలి. రాలేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా గీత మీద అలలు లేచాయి.

ఆ అలల్ని చెరపడానికి అయోయగి ఒక ఉపాయం పన్నాడు. రంగు మందును పట్టించుకోని పరారుణ కాంతిని కూడా పక్కనే పంపాడు. అందులో అలలు మాత్రమే ఉంటాయి కాబట్టి, దాన్ని తగిన పాళ్లలో వాడి మొదటి గీతలోని అలల్ని కొట్టేశాడు. గీత నునుపుగా వచ్చింది. అయితే మనిషి ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే చాలు, పోయాయనుకున్న అలలు మళ్లీ లేచేవి.

మరొకరైతే విసుక్కుని, పరీక్ష జరుగుతున్నంతసేపూ ఊపిరి బాగా పీల్చమని చెప్పి ఊరుకునేవారు. అయోయగి అక్కడ ఆగి ఆలోచించాడు. ఆక్సిజన్ మారితే లెక్క చెడుతోందంటే, ఆ చెడే తీరులోనే ఆక్సిజన్ లెక్క ఉండాలి. పైగా ఆ అలలు ఎక్కడివి? చర్మం కొట్టుకోదు, ఎముక కొట్టుకోదు. కొట్టుకునేది ధమని రక్తమే. ఊగేదాన్ని మాత్రమే తీసుకుని రెండు కాంతుల నిష్పత్తి చూస్తే, కదలనిదంతా దానంతట అదే పక్కకు పోతుంది. చెవి నొక్కక్కర్లేదు. మనకి నాడి పట్టుకుని ఒంట్లో సంగతి చెప్పే వైద్యులు తరతరాలుగా ఉన్నారు. ఇక్కడ నాడిని వదిలించుకోవాలని కూర్చున్నవాడికే అది సంగతి చెప్పింది.

1974లో నిహాన్ కోడెన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. చిత్రం చూడండి, నెల తిరక్కుండా కెమెరాల కంపెనీ మినోల్టా అదే ఆలోచనతో మరో దరఖాస్తు పట్టుకొచ్చింది. నిహాన్ కోడెన్ ఒక యంత్రం చేసి, పెద్దగా పట్టించుకోక వదిలేసింది. అయోయగిని వేరే పనికి మార్చారు. వేలికి తొడిగే రూపం 1977లో మినోల్టా నుంచి వచ్చింది.

దాని విలువ ముందుగా పట్టుకున్నది అమెరికాలోని మత్తు డాక్టర్లు. వాళ్ల భయం వాళ్లది. పెదాలు నీలంగా మారితే ఆక్సిజన్ తగ్గినట్టని పాఠం చెప్పేవారు. కానీ చూసేవాళ్లలో చాలామందికి రక్తంలో ఆక్సిజన్ 80 శాతం దాకా పడిపోయేవరకు ఆ నీలం కనపడదని 1947లోనే ఒక పరీక్షలో తేలింది. స్టాన్‌ఫర్డ్ మత్తు డాక్టరు విలియం న్యూ మొదలుపెట్టిన నెల్‌కోర్ కంపెనీ 1983లో తెచ్చిన యంత్రంలో ఒక చమత్కారం ఉంది. నాడికో బీప్ కొడుతుంది, ఆక్సిజన్ దిగేకొద్దీ ఆ బీప్ శ్రుతి కూడా దిగుతుంది. సర్జన్ తల ఎత్తకుండానే ప్రమాదం చెవిన పడుతుంది. 1990 నాటికి అక్కడ ఆపరేషన్ గదిలో అది తప్పనిసరి అయింది.

ఇప్పుడది మణికట్టు మీదికీ ఎక్కింది. ఆపిల్ 2020లో వాచీలో పెట్టింది. మాసిమో కంపెనీ తన పేటెంట్లు వాడుకున్నారని కేసు వేయడంతో, 2024 జనవరి నుంచి అమెరికాలో అమ్మే కొత్త వాచీల్లో ఆ సదుపాయం ఆపేసి, 2025 ఆగస్టులో వేరే పద్ధతిలో తిరిగి తెచ్చింది. ఆ గొడవ లాయర్లకు వదిలేద్దాం. మనకు పట్టాల్సిన సంగతి వేరే ఉంది.

రెండు కాంతుల నిష్పత్తి తెలిసినంత మాత్రాన శాతం తెలియదు. ఏ నిష్పత్తికి ఎంత శాతమో ఆరోగ్యవంతులైన వలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ పీల్పించి, వాళ్ల ధమని రక్తంతో పోల్చి పట్టిక కట్టారు. మీ క్లిప్పు లోపల ఉన్నది ఆ పట్టికే. (నిష్పత్తి సరిగ్గా ఒకటైతే పట్టికలో దాదాపు 85 వస్తుంది. అందుకే చెయ్యి వణికినప్పుడు అంకె అటుకేసి జారి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది.) మరి ఆ వలంటీర్ల వేళ్లు ఏ చాయవి? 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక లెక్క ప్రచురించారు. క్లిప్పు 92 నుంచి 96 చూపిస్తున్నా ధమని రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పాత మార్గదర్శకాల ప్రకారం కనీసం పదిమందిని పరీక్షిస్తే సరిపోయేది. వాళ్లలో ముదురు చాయవాళ్లు ఇద్దరుంటే చాలు. 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో ఆ పదిని 150కి పెంచమంది.

బాబాయిది చామనచాయ కంటే ఒక పిసరు ముదురు. ఆ రాత్రి 97 విని మేం నవ్విన నవ్వు గుర్తొస్తే ఇప్పుడు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

పట్టిక మీద ఆధారపడడం అయోయగికి మొదటినుంచీ నచ్చలేదు. కొలత సిద్ధాంతం నుంచి రావాలి, పోల్చి రాసుకున్న అంకెల నుంచి కాదన్నది ఆయన పట్టు. 1980లలో మళ్లీ ఈ పనికి తిరిగొచ్చి, రెండు కాంతులు చాలవని, మరిన్ని కలిపితే కండ, సిరల ప్రభావాన్ని కూడా లెక్కలోంచి తీసేయొచ్చని చివరిదాకా దాని మీదే కూర్చున్నాడు. 2020 ఏప్రిల్ 18న టోక్యోలో 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ప్రపంచమంతా మందుల షాపుల ముందు నిలబడి ఆయన పరికరం ఉందా అని అడుగుతున్న రోజులవి.