ఆఫ్ సీజన్‌కూ జీతమున్న కాలం

చదువు పెరిగిన కొద్దీ నిరుద్యోగం పెరుగుతోందన్న మాట ఇప్పుడు లెక్కలతో సహా వినిపిస్తోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగులు 3.4 శాతం. డిగ్రీ, ఆపైన చదివిన యువతలో 29.1 శాతం. దేశంలోని నిరుద్యోగుల్లో 83 శాతం దాకా పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల మధ్యవారే. ఈ అంకెలు చూసి పిల్లల్ని పనికి రాకుండా చేసింది చదువేనని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజామాబాద్, బోధన్ ప్రాంతపు నూరేళ్ల చరిత్ర మాత్రం ఆ తీర్పుకు ఒప్పుకోదు. ఏడాదిలో సగం కాలం గానుగ ఆగిపోయే పరిశ్రమ మీద బతికిన ప్రాంతమిది. పని లేని రోజులు ఇక్కడివారికి కొత్త కాదు. ఆ రోజుల్లో ఇంటి ఖర్చు ఎవరు మోశారన్నది మాత్రం తరానికో తీరుగా మారింది. ఎవరు నిరుద్యోగిగా లెక్కకెక్కుతారో, ఏ వయసులో ఎక్కుతారో ఆ మార్పును బట్టే తేలిందని నా వాదన.

కథ మంజీర నీళ్లతో మొదలవుతుంది. 1923లో పని మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్, హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించినది. వానకోసం మొగులు వంక చూసే నేలకు ఒక్కసారిగా కాల్వ నీళ్లు వచ్చాయి. అయితే ఆ కాలం అన్ని పంటల ధరలూ పడిపోయిన మాంద్యపు కాలం. 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం విధించడంతో దేశమంతటా చక్కెర మిల్లులు లేచాయి. నిజాం ప్రభుత్వం కూడా పరిశ్రమల కోసం పెట్టిన ట్రస్టు నిధి అండతో ఈ దారి పట్టింది. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పుట్టిన బస్తీకి శక్కర్‌నగర్ అని పేరు. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు పేరు మోసింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు ఆయకట్టులో భూములు కొని క్యాంపులనే ఊళ్లు కట్టుకున్నారు. ఫ్యాక్టరీకి సొంత చెరకు ఫారాలుండేవి, డిస్టిలరీ ఉండేది, క్వార్టర్లు, ఆస్పత్రి, బడి ఉండేవి.

ఈ ఫ్యాక్టరీ ఎంతమందికి పనిచ్చిందన్న లెక్క కన్నా, ఎన్ని రకాల చదువులకు పనిచ్చిందన్నది చూడాలి. బండ్ల మీద వచ్చిన చెరకును కాటా వేసి చీటీ రాయడానికి నాలుగు అక్షరాలొచ్చిన మనిషి చాలు. ఏ ఊళ్లో ఏ తోట పక్వానికొచ్చిందో చూసి కటింగ్ ఆర్డర్లు ఇప్పించే ఫీల్డ్‌మ్యాన్‌కు సేద్యమూ తెలియాలి, లెక్కలూ రావాలి. పిప్పితో మండే బాయిలర్ల దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ కావాలి. రసం పాకమై గింజ కట్టే వేళను కనిపెట్టే ప్యాన్ మ్యాన్‌కు ఏ డిగ్రీ అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఇంకొకరి పక్కన నిలబడి నేర్చుకుని ఉండాలి. ల్యాబ్‌లో కెమిస్టుకు బీయస్సీ కావాలి, మిల్లు హౌసులో ఇంజనీరు కావాలి. అక్షరం రాని కూలీ నుంచి ఇంజనీరు దాకా ఒకే ప్రహరీ లోపల మెట్లు మెట్లుగా కొలువులుండేవి. ఐదో తరగతితో ఆపినవాడికీ ఒక మెట్టు, ఐటీఐ చేసినవాడికీ ఒక మెట్టు. ఇప్పుడు బోధన్‌లో పదో తరగతికీ పోటీపరీక్షకూ నడుమ ఆ మెట్లు దాదాపు లేవు.

ఇక ఆఫ్ సీజన్ సంగతి. కోసిన చెరకు నిలవుండదు. ఒకటి రెండు రోజులు దాటితే బరువు తగ్గుతుంది, చక్కెర దిగుబడి పడిపోతుంది. కాబట్టి చెరకు పక్వానికొచ్చే చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకానే క్రషింగ్. ఆ తర్వాత యంత్రాల మరమ్మతు చేసే కొద్దిమంది తప్ప మిగతా సీజనల్ కార్మికులంతా ఇంటికే. ఇప్పటి సర్వే భాషలో చెప్పుకుంటే ఆ నెలల్లో వాళ్లు నిరుద్యోగులు. అయితే దేశమంతటి చక్కెర మిల్లులకు 1957లో కేంద్రం వేసిన వేజ్ బోర్డు ఈ ఖాళీ నెలలకు ఒక ఏర్పాటు చేసింది. సీజన్ లేని కాలంలోనూ సీజనల్ కార్మికుడికి జీతంలో కొంత భాగం రిటైనింగ్ అలవెన్స్‌గా ఇవ్వాలని నిర్ణయించింది. నైపుణ్యం ఉన్నవారికీ గుమస్తాలకూ ఎక్కువ పాలు, నైపుణ్యం లేనివారికి తక్కువ పాలు. ఇది యాజమాన్యాల దయాగుణం వల్ల వచ్చింది కాదు. పాకం తెలిసిన ప్యాన్ మ్యాన్ వేసవిలో ఇంకో మిల్లుకు వెళ్లిపోతే మళ్లీ సీజన్‌కు ప్యాన్ దగ్గర నిలబడేవాడు దొరకడు. మనిషి ఎదురుచూస్తేనే పని సాగుతుంది గనుక, ఎదురుచూపు ఖర్చులో కొంత పరిశ్రమే మోయాలన్న సూత్రానికి యూనియన్లు పోరాడాయి, బోర్డు ఒప్పుకుంది. పని లేని కాలానికి విలువ కట్టిన ఏర్పాటు మన కార్మిక చరిత్రలో ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ. చెరకు నరికే కూలీలకు మాత్రం ఇందులో భాగం దక్కలేదు. వాళ్లు రైతు పిలిస్తే వచ్చేవాళ్లు, ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరు లేనివాళ్లు. ఈ లోపాన్ని దాచి ఆ కాలాన్ని పొగడడం తప్పు.

ఎదురుచూపుకు ఎవరూ డబ్బివ్వని ఇళ్లలో ఏం జరిగిందో చూడాలంటే నిజామాబాద్ బీడీ కార్ఖానాల లెక్కలు చూడాలి. చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని ఇంట్లో కూచునే ఆడవాళ్లు బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కంపెనీ ఆకు ఇచ్చినన్ని రోజులే పని, ఇవ్వని రోజు లేదు. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది, తెలంగాణ వచ్చాక బీడీ కార్మికుల పింఛనూ వచ్చింది. అయినా ఆకు రాని రోజుకు కూలి కట్టే పద్ధతి ఏనాడూ రాలేదు. మన జాతీయ సర్వేల్లో సాధారణంగా చెప్పే నిరుద్యోగ రేటు ఏడాదిలో ముప్పై రోజులకు తక్కువ కాకుండా ఏదో పని చేసిన మనిషిని సైతం ఉపాధి ఉన్నవారి కిందే కలుపుతుంది. ఆ లెక్కన నెలకు పది రోజులే ఆకు దొరికే బీడీ కార్మికురాలు నిరుద్యోగి కాదు. అక్షరం రాని యువతలో 3.4 శాతం అన్న అంకె వెనక ఉన్నది ఈ బతుకు. ఆమెకు పని దొరికిందని ఆ అంకె చెప్పడం లేదు. పని కోసం ఆగే స్తోమత ఆమెకు లేదని చెబుతోంది.

ఎదురుచూసే స్తోమత లేని ఇళ్లకు బీడీ ఒక దారైతే, రెండో దారి దుబాయి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలైనప్పటి నుంచి నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల మగవాళ్లు ఏజెంట్లకు అప్పు తెచ్చి కట్టి పోవడం మొదలుపెట్టారు. కంపెనీ వీసా మీద కొందరు, ఏ కంపెనీకీ కట్టుబడని ఆజాద్ వీసా మీద కొందరు. పదో తరగతి పాసు కాని కార్మికుడు గల్ఫ్ దేశాలకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలని 1983 వలస చట్టం కింద నియమం ఉంది. చదువు ఎక్కడ తెగిందో పాస్‌పోర్టు మీదే తెలిసిపోతుంది. గల్ఫ్‌కు వెళ్లిన మనిషి మన సర్వేలో ఆ ఇంటి సభ్యుడిగా ఉండడు. ఆరు నెలలకు మించి బయటుంటే కుటుంబపు లెక్కలోంచి పోతాడు. ఊళ్లో పని దొరకక గల్ఫ్‌కు పోయినవాడు నిరుద్యోగుల్లోనూ లేడు, శ్రామికుల్లోనూ లేడు. నిజామాబాద్ పల్లెల్లో ముప్పై దాటిన మగవారిలో నిరుద్యోగం తక్కువని ఎవరైనా అంటే, ఎంతమంది మగవాళ్లు ఊళ్లో ఉన్నారని ముందు అడగాలి.

ఇక చదువుకున్నవారు. ఈ ప్రాంతంలో చదువు విలువ ఎప్పుడూ కొలువు తలుపు దగ్గర తేలేదే. 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టా నిజాం సర్కారు ఉద్యోగానికి నేరుగా తీసుకెళ్లేది. 1948 తర్వాత ప్రభుత్వం మారి, పాలనా భాష మారేసరికి అదే పట్టా చేతిలో పట్టుకున్నవారు ఒక్కసారిగా చదువు తక్కువవారయ్యారు. వాళ్లకు తెలిసిన విద్యలో ఏమీ తగ్గలేదు, తలుపు మారిందంతే. స్థానికులకే కొలువులన్న 1919 నాటి ముల్కీ ఫర్మానా, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం, 1985 నాటి 610 జీవో, ఇవన్నీ ఆ తలుపు ఎవరికి తెరవాలన్న తగువులే. తలుపు లోపల ఎన్ని కుర్చీలున్నాయన్న ప్రశ్న వాటి వెనక పడిపోయింది.

అదే 1969లో మార్క్ బ్లాగ్, రిచర్డ్ లేయార్డ్, మరీన్ వుడ్‌హాల్ అనే ముగ్గురు భారతదేశపు పట్టభద్రుల నిరుద్యోగం మీద ఒక పుస్తకం వెలువరించారు. పట్టభద్రుల నిరుద్యోగం ప్రధానంగా మొదటి ఉద్యోగం కోసం చేసే ఎదురుచూపని, వయసు పెరిగే కొద్దీ అది తగ్గిపోతుందని వాళ్లు చూపించారు. ఇప్పటి అంకెలూ అదే చెబుతాయి, ముప్పై దాటాక నిరుద్యోగ రేటు బాగా పడిపోతుంది. కాబట్టి కంగారు అక్కర్లేదు, వయసే సర్దుతుందని వాదించేవారున్నారు. గట్టి వాదనే, తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ ఎదురుచూపు ఎంత సాగిందో చూడండి. ప్రభుత్వ ఉద్యోగాలకు 34 ఏళ్లు అని ఉన్న గరిష్ఠ వయోపరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2015లో 44కు పెంచింది, 2024లో 46కు పెంచింది. నోటిఫికేషన్లు రాక వయసు దాటిపోయిన వారికి న్యాయం చేయడానికే ఈ సడలింపు. అది సబబే. అయితే యువతగా సర్వేలు లెక్కించే వయసు 29తో ముగుస్తుంటే, ఎదురుచూసే వయసు 46 దాకా సాగిందని ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టయింది. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకు మూడు లక్షల ఎనభై వేల మంది దరఖాస్తు చేశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023లో ఆ ప్రిలిమ్స్ రద్దయింది. వీళ్లలో వయసు మళ్లాక నిరుద్యోగుల లెక్కలోంచి తప్పుకున్నవారు కోరుకున్న పనిలో కుదురుకున్నారని అనుకోవడానికి ఆధారం లేదు. తండ్రి పొలంలోకి, కిరాణా కొట్టులోకి, గల్ఫ్‌కు వెళ్లినా రేటు తగ్గుతుంది.

దేశం మొత్తం మీద రేటు తగ్గిందన్నదీ నిజమే. 2017-18లో 6.1 శాతం ఉన్నది 2023-24కు 3.2 శాతానికి దిగింది. అదే కాలంలో సొంత పనుల మీద బతికేవారు శ్రామికుల్లో 52.2 శాతం నుంచి 58.4 శాతానికి పెరిగారు. పని చేసే లేదా పని వెతికే ఆడవాళ్ల వాటా 23.3 నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. జీతపు కొలువులు పెరిగి నిరుద్యోగం తగ్గడం వేరు, జీతం లేని ఇంటి సేద్యంలో చేతులు పెరిగి తగ్గడం వేరు. పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వారిలో 2023-24లోనూ రేటు 10.2 శాతం దగ్గరే ఉంది. జాతీయ సగటుకు మూడింతలు.

ఫ్యాక్టరీని తలచుకుని బాధపడడం దండగ, అది నష్టాల్లో నడిచింది, అందులో పని చేసినవారే కొన్ని వందల మంది అని అనేవారూ ఉన్నారు. ఇందులో నిజముంది. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్లను హైదరాబాద్ తాగునీటికి మళ్లించారు. బోర్లు, కరెంటు వచ్చాక రైతు ఏడాది పాటు నేలనూ నీటినీ కట్టేసే చెరకు కన్నా వరినే ఎంచుకున్నాడు. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చింది, బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్‌గా మారాయి. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూడూ మూతబడ్డాయి, ఆ తర్వాత వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరి 2019లో లిక్విడేషన్ దాకా పోయింది. ఇన్నేళ్ల నష్టాల బాధ్యతను కార్మికుల జీతాల మీద నెట్టడం మాత్రం కుదరదు. నీళ్ల మళ్లింపు, పెట్టుబడి పెట్టని యాజమాన్యాలు, రాజకీయ నిర్ణయాలు ఆ నష్టాలను ముందే తెచ్చాయి. ఇక తక్కువ మంది అన్న మాటకు నా జవాబు ఇది: ఆ మెట్ల వరస ఉపయోగం ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉన్నవారికే పరిమితం కాలేదు. పదో తరగతి, ఐటీఐ, డిప్లొమా, బీయస్సీ, ఏ దగ్గర ఆగినా ఊళ్లోనే ఒక జీవితముందని చుట్టుపక్కల ఇళ్లకు చూపింది. ఆ నమ్మకం తెగిన చోటే చదువును ఆపకుండా సాగదీసి, 46 దాకా పరీక్షలు రాసే పరిస్థితి వచ్చింది.

2024 మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీలు తెరిచేందుకు కమిటీ వేసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. గానుగ మళ్లీ ఆడుతుందా, పసుపు రైతుకు ధర వస్తుందా అన్న చర్చే ఎక్కడ చూసినా. అడగాల్సింది ఇంకా ఉంది. చెరకు గానుగైనా పసుపు ప్రాసెసింగైనా సీజన్ పనులే. ఏడాదిలో పని లేని నెలలకు రిటైనింగ్ అలవెన్స్ ఉంటుందా, లేక కాంట్రాక్టరు చేతిలో రోజుకూలి ఉంటుందా? 1961 అప్రెంటిస్ చట్టం కింద బోధన్ ఐటీఐ పిల్లలకు స్టైపెండ్‌తో మొదటి మెట్టు దొరుకుతుందా? చెరకు నరికేవారి పేర్లు ఈసారైనా రిజిస్టరులోకి ఎక్కుతాయా? తెరిచే ఒప్పందం మీద సంతకాలు పడే ముందే వీటికి జవాబులు రాతలో ఉండాలి.