మొగానికి చల్లదనం: తడి తుండు, ముంజకాయ, ఐసుగడ్డ

సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి నడుమ ఉన్న ఏళాయిరంపన్నై చరిత్రలో ఒక పాలెం. 1799లో కట్టబొమ్మన పక్షాన నిలిచి కుంఫిణీ చేతిలో పాలెం పోగొట్టుకుంది. ఆ చుట్టుపక్కల మనవాళ్లు దున్నింది నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. వాన తక్కువ, నీడ అంతకన్నా తక్కువ. చిత్తిరై ఎండలో పత్తిచేలోనించి వచ్చినవాళ్లకు మొగం మండిపోయేది. దాన్ని చల్లార్చుకోవడానికి మూడు దారులుండేవి: కుండనీళ్లు, తడి తుండు, తాటిముంజ. ఐసు అనేది పేరు కూడా వినని వస్తువు.

వీటిలో తడి తుండుకే మేము పెద్దపీట వేస్తాం. కారణం లెక్కలోనే ఉంది. ఒక గ్రాము ఐసు కరిగేటప్పుడు 334 జౌళ్ల వేడిని లాక్కుంటుంది. అదే ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్లు తీసుకుపోతుంది, అంటే ఏడు రెట్లు. అయితే గాలి పొడిగా ఉండాలి. కరిసల్ గాలి పొడిది కాబట్టి తడిగుడ్డ మొగాన వేసుకుని గాలికి కూర్చుంటే చాలు. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్క మీదే. చెన్నైకో సింగపూరుకో కాపురం వెళ్లినవాళ్లు "ఆ తుండు ఇక్కడ పనిచెయ్యలా" అంటారు. ఉక్కపోత ఊళ్లో నీరు ఆవిరి కాదు గదా, ఎట్లా పనిచేస్తుంది?

గంధమూ అంతే. చెక్కను సానమీద అరగదీసి పూస్తే తడి ఉన్నంతసేపే చలవ. ఎండిపోయాక వాసన మిగుల్తుంది. ముంజకాయ నీళ్లు చెమటకాయలకు రాసేవాళ్లు. (తినాల్సినదాన్ని మొగానికి పూస్తారా అని పిల్లలకు కోపం!)

ఐసు కథ సముద్రం మీద మొదలైంది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన ఐసును కోయించి, రంపపుపొట్టులో పెట్టి, 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. మద్రాసు కడలి ఒడ్డున 1842లో ఐస్‌హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. అయితే ఆ ఐసు దొరల గ్లాసుల్లోకే పోయింది. మన ఊళ్లకు ఐసు మొగానికి పూసుకునేటంత చేరువైంది ఫ్రిజ్‌లు వచ్చాకే.

ఇప్పుడు మన పిల్లలు గిన్నెడు ఐసునీళ్లలో మొగం ముంచుతున్నారు. రక్తనాళాలు ముడుచుకుని ఉబ్బు కాసేపు తగ్గే మాట నిజమే. ఎంతో సేపు నిలవదు. గడ్డను నేరుగా ఒకేచోట ఆనించి ఉంచితే చర్మం చలికే కాలుతుంది. గుడ్డలో చుట్టి, కదుపుతూ, కాసేపే పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టి చన్నీళ్లలో మొగం ముంచితే గుండె వేగం తగ్గుతుంది కాబట్టి గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లకు ఈ సరదా వద్దు. చలి తగిలితే దద్దుర్లు లేచేవాళ్లకూ వద్దు.

కానీ ఈ సీమలో మొగం చల్లార్చడమంటే సోకు ఒక్కటే కాదు. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చారు. తర్వాత చుట్టూ అగ్గిపుల్లలు, టపాకాయలు ఊరూరా కూలి అయ్యాయి. ఏళాయిరంపన్నైలోనూ అంతే. కూలితోపాటు కాలిన గాయాలూ వచ్చాయి. కాలిన చోట ఐసు పెట్టమని 1799లోనే జేమ్స్ ఎర్ల్ అనే ఇంగ్లాండు వైద్యుడు పుస్తకం రాశాడు. నేటి వైద్యం దాన్ని వద్దంటుంది. ఐసు నెత్తురు పారకుండా చేసి దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా చంపుతుంది. కావలసింది మామూలు చన్నీళ్ల ధార, 20 నిమిషాలు. కాలిన మూడు గంటల్లోపు మొదలుపెట్టినా మేలే.

ఇంకు, టూత్‌పేస్టు, నెయ్యి పూసే అలవాటు మన ఇళ్లల్లో ఇంకా పోలా. అవి పూస్తే గాయం కనపడదు, డాక్టరు మళ్లీ కడగాలి. మొగం కాలినప్పుడు ముక్కులో వెంట్రుకలు మాడినా, గొంతు బొంగురుపోయినా, 20 నిమిషాలు కూడా ఆగకూడదు. లోపల గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు. దారిలో నీళ్లు పోస్తూనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.