కోలారు సీమలో యుద్ధ గాథలు, శాంతి వాగ్దానాలు

కోలారు సీమ అంటే ఇక్కడ నేటి కోలారు జిల్లా, అందులోని బంగారు గనుల పట్టణం కేజీఎఫ్, 2007లో చిక్కబళ్లాపురం జిల్లాగా విడిపోయిన ఉత్తరపు తాలూకాలు. కర్ణాటకలో ఉన్నా తెలుగు దండిగా వినిపించే నేల ఇది. యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి జనం ఏ గ్రంథాన్ని ఆశ్రయించారు, అందులో ఏ ఊరట వెతుక్కున్నారు అన్నది ఈ వ్యాస విషయం. ఈ సీమ స్థలపురాణాలలో ఒక ప్రత్యేకత ఉంది. అవి గెలుపు దగ్గర ముగియవు. గెలిచినవాడు తర్వాత ఏం చేశాడో చెప్పిగాని కథ ఆపవు.

నేపథ్యం

తీరం నుంచి బెంగళూరు వైపు సాగే సేనలకు కోలారు దారిలో పడే ఊరు. గంగరాజులకు తొలి రాజధాని అయిన కువలాలపురం ఇదే. తర్వాత చోళులు, విజయనగరం, బీజాపూరు, మొగలాయిలు, మరాఠాలు వరసగా వచ్చారు. కోలారమ్మ గుడిలో యుద్ధ దృశ్యం చెక్కిన రాతిపలక ఉంది. ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు, అంటే పోరులో పడినవారి స్మారక రాళ్లు, నేటికీ కనిపిస్తాయి. హైదర్ అలీ పుట్టింది ఈ జిల్లాలోని బూదికోటలో. అతని తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారులో ఉంది. 1768లో ఇంగ్లీషు సేన కోలారును పట్టుకుంది. 1791లో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ దండు బెంగళూరు మీదికి వెళ్తూ మళ్లీ ఈ ఊరినే తొక్కుకుంటూ పోయింది.

యుద్ధం తర్వాతి కథలు

కోలారు పక్కనున్న శతశృంగ పర్వతం మీద పరశురాముడు కార్తవీర్యార్జునుణ్ణి చంపాడని స్థలపురాణం. ఇరవయ్యొక్క మార్లు రాజులను మట్టుపెట్టినవాడు చివరికి గెలిచిన భూమినంతా కశ్యపుడికి దానమిచ్చి, ఆయుధం పక్కన పెట్టి మహేంద్రగిరికి వెళ్లిపోయాడని మహాభారతం చెబుతుంది. పగ ఎంత పెద్దదైనా దానికి ఒక ముగింపు ఉంటుందన్న హామీ ఆ కథలో ఉంది. అయితే ఆ ముగింపు ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా మరవకూడదు.

ముళబాగిలు తాలూకాలోని ఆవని వాల్మీకి ఆశ్రమం ఉన్న చోటని, సీత లవకుశులను కన్నది అక్కడేనని జనం నమ్మకం. కొండ మీద సీతకు గుడి ఉంది. కొండ కింద నొళంబ రాజుల కాలపు శివాలయాలు రాముడి పేర, తమ్ముళ్ల పేర వెలిశాయి. కన్నబిడ్డలతోనే పోరాడిన పాపం పోవడానికి వాళ్లు లింగాలు ప్రతిష్ఠించారని స్థానికులు చెబుతారు. నిజానికి వాల్మీకి ఉత్తరకాండలో ఈ యుద్ధం లేదు. అక్కడ లవకుశులు రామకథ పాడతారు, అంతే. పోరు కథ పద్మపురాణంలోనూ జైమిని భారతంలోనూ వస్తుంది. జైమిని భారతాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పిల్లలమర్రి పినవీరభద్రుడు, కన్నడంలోకి తెచ్చినవాడు లక్ష్మీశుడు. రెండు భాషల ఊళ్లలో ఈ కథ ఇంతగా నాటుకుపోవడానికి ఆ రెండు కావ్యాలూ తోడ్పడి ఉండాలి. ఎదుటి పక్షంలో ఉన్నది తన బిడ్డలేనని తెలిశాక తండ్రి చేయగలిగింది ప్రాయశ్చిత్తం ఒక్కటే; ఆవని గుళ్లకు జనం ఇచ్చుకున్న అర్థం అదే.

ముళబాగిలు ఆంజనేయుణ్ణి కురుక్షేత్రం ముగిశాక అర్జునుడు ప్రతిష్ఠించాడంటారు. అర్జునుడి రథం జెండా మీద నిలిచినవాడు హనుమంతుడే కాబట్టి, యుద్ధధ్వజం మీది దేవుణ్ణి దించి గుడిలో కూర్చోబెట్టిన కథగా దీన్ని చదవవచ్చు.

గౌరీబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో రావిచెట్టును నాటింది విదురుడట. యుద్ధం వద్దని మొదటి నుంచీ మొత్తుకున్నవాడు విదురుడే. ఆయన మాట ఎవరూ వినలేదు, జరగవలసింది జరిగింది. ఆ తర్వాత ఆయన చేతికి మొక్క ఇచ్చిన ఈ కథ, శాంతిపర్వంలో ధర్మరాజు పడే దుఃఖానికి జానపదం చెప్పుకున్న జవాబులా ఉంటుంది. అదే చోట 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్య మీద లెక్కలు కుదరవు. ఆ వెంటనే దివాను మీర్జా ఇస్మాయిల్, సర్దార్ పటేల్ నడుమ ఒప్పందం కుదిరి, జెండా ఎగరేయడానికి దారి ఏర్పడింది.

కైవారం తాతయ్య

చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మి బతికిన నారాయణప్ప యోగి నారేయణ యతీంద్రుడయ్యాడు; జనం పిలుపులో కైవారం తాతయ్య ఈయనే. సంప్రదాయం చెప్పే జీవితకాలం 1726–1836. తెలుగు, కన్నడ రెండింటిలోనూ రచనలు చేశాడు. ఆయన పేర కాలజ్ఞానం ప్రచారంలో ఉంది. ఆ తేదీలనే తీసుకుంటే నాలుగు మైసూరు యుద్ధాలూ ఆయన కళ్ల ముందే జరిగాయి.

కాలజ్ఞాన సాహిత్యానికి పెద్ద పేరు కందిమల్లాయపల్లె పోతులూరి వీరబ్రహ్మంది. ముందు ఉపద్రవాలన్నీ ఏకరువు పెట్టి, ఆ తర్వాత వీరభోగ వసంతరాయలు అనే రాజు వచ్చి ధర్మం నిలుపుతాడని చెప్పడం ఆ సంప్రదాయపు నడక. ప్రతి యుద్ధానికీ ఈ మాటలను అతికించి ‘అప్పుడే చెప్పాడు’ అనడం మనవాళ్లకు మామూలే. జోస్యంగా వాటి విలువ తక్కువ. కానీ వినేవాడికి అవి అందించింది తేదీ కాదు, ఈ కష్టానికి ఒక హద్దు ఉందన్న ధైర్యం. దండు పోయిన దారిలో పంట పోగొట్టుకున్న రైతుకు అది చిన్న సంగతి కాదు.

గనుల పట్టణం

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ వచ్చాక కేజీఎఫ్‌లో ఉత్తర ఆర్కాటు తమిళులు, చిత్తూరు తెలుగువాళ్లు, కార్న్‌వాల్ ఇంగ్లీషువాళ్లు కలిసి గనుల్లోకి దిగారు. ఎవరి గ్రంథం వాళ్లతో వచ్చింది. ఛాంపియన్ రీఫ్స్‌లోని కాథలిక్ చర్చి విజయమాత పేర వెలిసింది. ఆ బిరుదు 1571 నాటి లెపాంటో నౌకాయుద్ధంలో గెలుపును తలచుకుంటూ వచ్చింది. యుద్ధవిజయం పేరున్న గుడిలోనే గని కార్మికుడు శాంతి కోరుకున్నాడు. కోలారులో 1876–78 కరువు అనాథలను చేరదీసిన మిస్ ఆన్‌స్టీ మిషన్ 1890లో అమెరికన్ మెథడిస్టుల చేతికి వెళ్లింది. 1910లో ఆ మిషన్ ఆసుపత్రి మొదలైంది.

బైబిలులో యెషయా, మీకా ప్రవక్తలిద్దరూ ఒకే వాగ్దానం చేస్తారు: కత్తులు నాగలి కర్రులవుతాయి, జనాలు యుద్ధవిద్య నేర్చుకోవడం మానేస్తారు. 1959లో సోవియట్ యూనియన్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విగ్రహానికి ఆధారం ఈ మాటే. కేజీఎఫ్‌లో ఈ వాక్యం చదివేవారికి కొంత చిక్కు ఉంది. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ సంస్థ ఇక్కడ మట్టి తవ్వే యంత్రాలూ చేస్తుంది, సైన్యానికి వాహనాలూ చేస్తుంది. కర్రు, కత్తి రెండూ ఒకే ఊరి అన్నం.

ఈ గనుల్లో బౌద్ధం వేళ్లూనుకోవడం దక్షిణాది చరిత్రలో అరుదైన ఘట్టం. అయోతిదాసు పండితుడు 1898లో మద్రాసులో మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి మారికుప్పం, ఛాంపియన్ రీఫ్స్ గట్టి శాఖలయ్యాయి. ఆయన నడిపిన ‘తమిళన్’ పత్రిక ఆయన మరణానంతరం కొంతకాలం ఇక్కడి నుంచే వెలువడింది. పగ పగతో చల్లారదన్న ధమ్మపద బోధ అంటరానితనం అనుభవిస్తున్న కార్మికుడికి చేరినప్పుడు, అది ఓర్చుకొమ్మని చెప్పే మాటగా కాక, ఆత్మగౌరవంతో కలిసే వచ్చింది. ఇదే భావం రాతికెక్కిన చోటు తెలుగునాట కర్నూలు జిల్లా ఎర్రగుడి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టుకుపోయారని చెప్పి అశోకుడు పశ్చాత్తాపపడిన పదమూడో శాసనం అక్కడ ఉంది.

ఇక ఈ సీమ ముస్లింల గ్రంథం ఖురాన్. దాని ఎనిమిదో అధ్యాయంలో యుద్ధం నడుమ వచ్చే మాట ఇది: శత్రువు సంధికి మొగ్గితే నీవూ మొగ్గు. ఇక్కడ కూడా శాంతి మనిషి చేయవలసిన పనిగానే వస్తుంది.

ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప, రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతున్న 1943లో ‘మంకుతిమ్మన కగ్గ’ అనే కన్నడ పద్యకృతిని ప్రచురించాడు. ఆయన గీతా వ్యాఖ్యానం ‘జీవనధర్మయోగం’ 1967లో సాహిత్య అకాడమీ బహుమతి పొందింది.

బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఈ క్షేత్రాలు చూడదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పాత పుస్తకాలలో కోలారు జిల్లా కింద కనిపించే కైవారం, విదురాశ్వత్థం నేడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉన్నాయి, ఆవని, ముళబాగిలు, బూదికోట, కేజీఎఫ్ మాత్రం కోలారులోనే ఉన్నాయి.