మిల్లుకు మిగిలేది

నకిరేకల్ అంటే చాలామందికి నిమ్మకాయల మార్కెట్ గుర్తొస్తుంది. మే నెలలో మాత్రం ఇక్కడి హైవే మీద వడ్లదే రాజ్యం. సూర్యాపేట వైపు నాలుగడుగులు వేస్తే లారీలు వరుసగా ఆగి ఉంటాయి. డ్రైవర్లు బండ్ల కింద తువ్వాలలు పరుచుకుని పడుకున్నారు. అన్నీ ఐకేపీ సెంటర్ల నుంచి వచ్చిన యాసంగి వడ్లు. మధ్యాహ్నం మూడు దాటింది. ఆ వరుస పక్కగా నడుచుకుంటూ మీరు రైస్ మిల్లు గేటు దాకా వస్తారు.

వేబ్రిడ్జి మీదికి ఒక లారీ ఎక్కింది. గుమస్తా మొన తేలిన ఇనుప గొట్టాన్ని బస్తాలోకి పొడిచి లాగాడు. గుప్పెడు వడ్లు అరచేతిలోకి జారాయి. తేమ మీటరులో 13 చూపించింది. సర్కారు ఒప్పుకునేది 17 దాకా కాబట్టి ఇంత ఆరిన వడ్లంటే మిల్లుకు సంబరం అనుకుంటారు మీరు. గుమస్తా ముఖంలో ఆ సంబరమేమీ లేదు. నాలుగు గింజల పొట్టు వలిచి, ఒకదాన్ని ఎండకు ఎత్తిపట్టి మీకు చూపిస్తాడు. తెల్లని గింజకు అడ్డంగా సన్నని గీత. ఇంకో గింజలో రెండు గీతలు.

"చూసిన్రా సార్? పొట్టు లోపటనే పలిగింది. గిది రా రైస్ పట్టిస్తే నూకలే నూకలు."

గింజ పగటి ఎండకు ఎండి, రాత్రి మంచుకు కాస్త తడిసి, మళ్లీ ఎండుతుంది. పైపొర ఒక లెక్కన, లోపలి పిండి ఇంకో లెక్కన సాగి ముడుచుకుంటాయి. దాంతో కోతకు ముందే గింజ లోపల చీలుతుంది. వానాకాలం పంటకు ఈ బాధ తక్కువ. ఏప్రిల్, మే ఎండల్లో కోతకొచ్చే యాసంగి పంటకు ఇది తప్పదు. మందు ఒక్కటే, వడ్లను ఉడకబెట్టడం. ఆవిరి తగలగానే లోపలి పిండి పదార్థం మెత్తబడి, జిగురై, పగులును అతికేస్తుంది. అందుకే యాసంగి అంటే ఇక్కడి మిల్లర్లకు బాయిల్డ్ రైస్. అది తినేది ఎక్కువగా కేరళ, తమిళనాడు వాళ్లు. నకిరేకల్‌లో ఉప్పుడు బియ్యం వండే ఇల్లు వెతికినా దొరకదు.

గుమస్తా వెంట వెనక్కి వెళ్తే వేడి మొహాన కొడుతుంది. వరుసగా నానబెట్టే ట్యాంకులు. నీళ్లు 65, 70 డిగ్రీల దగ్గర ఉంటాయి, వడ్లు మూడు నాలుగు గంటలు నానితే చాలు. పాతకాలంలో సిమెంటు తొట్లలో చల్లనీళ్లు పోసి రెండు మూడు రోజులు ఉంచేవాళ్లు. నీళ్లు పులిసి, ఆ కంపు అన్నం పళ్లెం దాకా వచ్చేది. వేడినీళ్ల పద్ధతిని మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు తీర్చిదిద్దారు. మూడు రోజుల పని ఒక్క పూటలోకి వచ్చింది. అదే తొట్టి, అవే వడ్లు, ఎన్నో రెట్లు పని. ఆ పక్కన ఆకాశానికి లేచిన డ్రయ్యర్‌ను ఇక్కడంతా 'ఎల్ఎస్‌యూ' అంటారు. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన నమూనా అది.

బాయిలర్‌కు బొగ్గు లేదు, కట్టె లేదు. ఊక. నూరు కిలోల వడ్లలో 20 కిలోలకు పైనే ఊక ఉంటుంది. ఒకప్పుడు మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండేది, తీసుకుపోయేవాడికి దండం పెట్టేవాళ్లు. ఇప్పుడు అదే వడ్లను ఉడికిస్తోంది, ఆరబెడుతోంది. బూడిద గాలికి లేచి పక్క ఇళ్ల మిద్దెల మీద వాలుతుంది. ఆరేసిన బట్టలు దులుపుకునే వాళ్ల శ్రమ మాత్రం ఏ మిల్లు ఖాతాలోనూ ఎక్కదు, ఏ జీడీపీలోనూ తగ్గదు.

ఇక అసలు మిల్లు. లోపల అడుగుపెడితే మాట వినబడదు, సైగలే. వడ్లు జల్లెడ దాటి, రాళ్లు ఏరే మిషన్ దాటి షెల్లర్‌లోకి దిగుతున్నాయి. ఆపరేటర్ ఒక మూత తీసి చూపిస్తాడు. రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతున్నాయి, కానీ ఒకే వేగంతో కాదు. ఒకటి కాస్త త్వరగా, ఇంకొకటి కాస్త నింపాదిగా. ఆ తేడాకు గింజ మీది పొట్టు ఒలిచినట్టు ఊడుతుంది, గింజ నలగదు. ఆపరేటర్ కింద పడుతున్న గింజల్ని అరచేతిలోకి తీసుకుని, ఎన్ని పొట్టుతో ఉన్నాయి, ఎన్ని విరిగాయి చూసి, చక్రాన్ని పావు వంతు తిప్పాడు. రోలర్ల మధ్య సందు వెంట్రుకవాసి మారింది. మళ్లీ గుప్పెడు పట్టాడు. ఈసారి చక్రం జోలికి పోలేదు.

ఊరి గిర్ని గుర్తుందా? బెల్టు పట్టాతో నడిచే ఇనుప హల్లర్. 19వ శతాబ్దం చివర్లో బ్రెజిల్‌కు చెందిన ఎంగెల్‌బెర్గ్ రూపొందించిన మిషన్‌కు వారసురాలు అది. పొట్టు తీయడం, తెల్లగా చేయడం రెండూ ఒకే గొట్టంలో, ఇనుము రాపిడితోనే. గింజ విరిగేది, ఊక, తవుడు కలిసి ముద్దగా వచ్చేవి. ఆ తవుడు బర్రెలకు పనికొచ్చేది గానీ నూనె తీయడానికి పనికిరాదు. ఇక్కడ ఊక ఒక గొట్టంలో, తవుడు ఇంకో గొట్టంలో వెళ్తాయి. ఆ తవుడును సంచులకెత్తి వెంటనే నూనె మిల్లుకు తోలుతారు, ఆగితే చేదెక్కుతుంది. ఊరి గిర్నీలు చాలావరకు ఇప్పుడు కారం, పసుపు, పిండి పట్టుకుంటూ బతుకుతున్నాయి. 2025లో ఆర్థిక నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్ సూత్రాలు కట్టింది ఈ సంగతికే. కొత్తది పాతదాన్ని తోసేస్తేనే వృద్ధి నడుస్తుందని.

ఇప్పుడు లెక్క. సర్కారు వడ్లు పట్టించి ఇస్తే మిల్లు తిరిగి ఇవ్వాల్సింది నూటికి 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. పట్టించినందుకు కేంద్రం లెక్కగట్టే కూలి చాలా ఏళ్లుగా క్వింటాలుకు పది, ఇరవై రూపాయల దగ్గరే ఉంది. దాంతో కరెంటు బిల్లు కూడా వెళ్లదు. మరి మిల్లు ఎలా బతుకుతోంది? ఊక మిల్లుది. తవుడు మిల్లుది. 67 పైన రాబట్టిన ప్రతి గింజా మిల్లుదే. బియ్యం మిల్లు బియ్యం మీద బతకడం లేదన్నమాట. పగిలిన గింజను అతికించడం ఒక్కటే కాదు, ఉడికిన వడ్ల తవుడులో నూనె ఎక్కువ కూడా. బాయిల్డ్ కోసం మిల్లర్లు అంతగా పట్టుబట్టడంలో ఈ రెండో కారణం గొంతు కాస్త తగ్గించి చెప్పేదే.

1957లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో అమెరికా లెక్కలు తీశాడు. 1909 నుంచి 1949 దాకా పనిగంటకు వచ్చే ఉత్పత్తి రెట్టింపయింది. అందులో పెరిగిన పెట్టుబడి వల్ల వచ్చింది ఎనిమిదో వంతు, మిగిలిన ఏడు వంతులూ సాంకేతిక మార్పు పద్దులో వేశాడు. మిగిలినదాన్నే ఆర్థికవేత్తలు 'అవశేషం' అంటారు. మిల్లు సేటుకు సోలో పేరు తెలియదు గానీ ఆ మిగులును రోజూ తూకం వేస్తాడు. నాకు అనిపించేది ఇది: మిగులు ఎవరి ఖాతాలో పడుతుందో, మిషన్ అటే నడుస్తుంది. రైతుకు వచ్చేది మద్దతు ధర, 2025-26లో సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు. అతని వడ్ల నుంచి మిల్లు 67 తీసినా 70 తీసినా ఆ ధర కదలదు.

పై అంతస్తులో ఏసీ గది ఉంది. అది మనుషులకు కాదు, సార్టెక్స్‌కు. నిట్టనిలువు పళ్లాల మీద బియ్యం జారిపడుతుంటే కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. నల్లదో, పసుపుదో కనిపిస్తే సన్నని గాలి దెబ్బ, టక్కున పక్కకు. వర్షం మొదలైనట్టు ఆగకుండా చిటచిటలు. ఒకప్పుడు ఆడవాళ్లు చాటలు పట్టుకుని వరుసగా కూర్చునే పని ఇది. ఆ పక్కనే ఫోర్టిఫైడ్ గింజలు కలిపేందుకు తెచ్చిన చిన్న మిషన్. కిలోకు పది గ్రాములు. దీనివల్ల మిల్లు ఉత్పాదకత పెరగదు, రేషన్ బియ్యం తినే పిల్లల్లో రక్తం పెరగాలని పెట్టించారు.

మిషన్లకు కొనేవాడి మాట కూడా కావాలి. బాయిల్డ్ ఇక తీసుకోబోమని కేంద్రం తేల్చి చెప్పినప్పుడు 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ముఖ్యమంత్రే ఢిల్లీ వెళ్లి ధర్నాకు కూర్చున్నారు. కోట్లు పెట్టిన బాయిలర్లు, డ్రయ్యర్లు ఒక్క ఉత్తరంతో ఖాళీగా నిలబడే పరిస్థితి. మిషన్ చెడిపోలేదు, పనివాళ్లు పని మరిచిపోలేదు. ఉత్పాదకత మాత్రం సున్నాకు వచ్చేది.

కిందికి దిగుతారు. బియ్యం లోడింగ్ మొదలైంది. ఎఫ్‌సీఐకి పంపే ఒక లాట్‌ను ఇక్కడ 'ఏసీకే' అంటారు, 290 క్వింటాళ్లు. యాభై కిలోల బస్తాలు 580. బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు తలమీద గోనెగుడ్డ వేసుకుని, వాలు చెక్క మీదుగా ఎక్కి దిగుతున్నారు. కూలి బస్తా లెక్కన. మిల్లు మొత్తం మీద మనిషి వీపే మిషన్‌గా మిగిలిన చోటు ఇది.

"బెల్టు పెట్టొచ్చు గద సేటూ?" అని అడుగుతారు మీరు.

"పెట్టొచ్చు. పెడితే నాకేం మిగులుతది? బస్తాకు ఇచ్చే పైసలకు బెల్టు వడ్డీ గూడ రాదు."

హమాలీ మేస్త్రీ ఆ మాట విన్నాడు. హిందీలో ఏదో అరిచాడు. కుర్రాళ్లు వేగం పెంచారు, చీకటి పడేలోపు ఇంకో లారీ కూడా నింపాలట.