మొదటి సోలో, చొక్కా ముక్క: సీటు సిద్ధాంతంపై ఒక అభ్యంతరం

మొదటి సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా తొలి ప్రయాణం, ముగించుకుని దిగిన ట్రైనీ పైలట్ చొక్కా వెనక అంచును కత్తిరించి, పేరూ తేదీ రాసి, క్లబ్బు గోడకు తగిలించడం అమెరికాలో ఆనవాయితీ. ఇది ఎందుకు మొదలైందంటే వైమానిక రచయితలు ఒకే పాఠం అప్పజెబుతారు. రేడియోలు లేని రోజుల్లో వెనక సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ ముందున్న శిష్యుడి చొక్కా లాగి, చెవిలో అరిచి చెప్పేవాడట. సోలో అయ్యాక ఆ అవసరం తీరింది కాబట్టి చొక్కా కత్తిరించేవారట. సీటు సిద్ధాంతం అనదగ్గ ఈ కథను ఒకరిని చూసి ఒకరు రాశారే తప్ప, శిక్షణ విమానంలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో ముందుగా తేల్చుకోలేదు. నా తగాదా అక్కడే.

1925 నాటి డి హావిలాండ్ మాత్‌లోనూ, 1931 నాటి టైగర్ మాత్‌లోనూ ఇన్‌స్ట్రక్టర్‌ది ముందు సీటు, శిష్యుడిది వెనక సీటు. అమెరికా శిక్షణ విమానం స్టియర్‌మన్‌లోనూ అంతే. 1938లో వచ్చిన పైపర్ జె-3 కబ్ సంగతి మరీ ముఖ్యం. అమెరికా పౌర పైలట్ శిక్షణ పథకంలో ఎక్కువమంది నేర్చుకున్నది దాని మీదే. బరువు సమతూకం కోసం కబ్‌ను ఒంటరిగా నడిపేవాడు వెనక సీట్లోనే కూర్చోవాలి. శిష్యుడికి మొదటి నుంచీ ఆ సీటే అలవాటు చేస్తారు. ముందు కూర్చున్న గురువు, వెనకవాడి నడుం వెనక ఉన్న చొక్కా అంచును ఎలా అందుకుంటాడు?

పైగా మాట వినిపించడానికి వేరే సాధనం ఉండనే ఉంది. 1917లో ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో స్మిత్-బ్యారీ నడిపిన శిక్షణ పాఠశాల నుంచి వచ్చిన మాటగొట్టాన్ని మాత్‌లలోనూ స్టియర్‌మన్‌లోనూ వాడారు. కప్పు లేని విమానంలో చలికి తోలుకోటు, దానిమీద పారాచూట్ పట్టీలు. వాటి కింద చొక్కా దొరకడమే కష్టం. 1945 నాటి ఎరోంకా చాంపియన్‌లో శిష్యుడిది ముందు సీటే గాని, అది ఆలస్యంగా వచ్చిన విమానం.

మరి మూలం ఎక్కడ? నా ఊహ సముద్రం వైపు పోతుంది. 1832 ఫిబ్రవరిలో బీగిల్ నౌక భూమధ్యరేఖ దాటినప్పుడు, 23 ఏళ్ల చార్లెస్ డార్విన్ ముఖానికి తారూ రంగూ పూసి, గీకి, నీళ్లు నింపిన తెరచాపలో పడేశారు. తొలిసారి రేఖ దాటినవాణ్ని పాతకాపులు ఆట పట్టించి తమలో కలుపుకునే తంతు అది. విమానయానంలోనూ ఇలాంటిదే: కెనడాలో సోలో చేసినవాడిపై బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. అమెరికా వైమానిక దళంలో తోటివాళ్లు నీళ్ల తొట్టిలో పడేస్తారు. నౌకలోనైనా సోలోలోనైనా కొత్తవాడు తడుస్తాడు, పాతవాళ్లు నవ్వుతారు, ఆపైన అతను వాళ్లలో ఒకడు. ఒక దశ నుంచి మరో దశకు మార్చే తంతుల్లో మానవశాస్త్రజ్ఞుడు వాన్ గెన్నెప్ గుర్తించిన మూడు దశలూ (వేరుపడటం, మధ్యస్థితి, తిరిగి చేరడం) ఇక్కడ కనిపిస్తున్నాయని వేరే చెప్పనక్కర్లేదు.

కత్తిరింపు సంగతీ ఇదే దారిలో తేలుతుంది. 1914 నుంచి పెన్సకోలాలో పైలట్లను తయారుచేస్తున్న అమెరికా నౌకాదళంలో సోలో చేసినవాడికి కత్తిరించేది చొక్కాను కాదు, టైని; శిష్యుడు ఇన్‌స్ట్రక్టర్‌కు ఒక సీసా మద్యం ఇచ్చుకుంటాడు. టై మెడ ముందు వేలాడేది. వెనక నుంచి లాగి పిలవడానికి అది అక్కరకు రాదు. అంటే కత్తెరకు కావలసింది లాగే గుడ్డ కాదు, విద్యార్థి దశకు గుర్తుగా ఒంటిమీదున్న గుడ్డ. 1930లలో పాన్ అమెరికన్ సంస్థ తన పైలట్లకు నౌకాధికారుల తరహా దుస్తులు తొడిగింది కూడా. విమానయానం తన మర్యాదల్లో, హోదాల్లో కొన్నిటిని సముద్రం నుంచే తెచ్చుకుంది. సోలో తంతులూ అందులో భాగమేనని నా ఊహ.

అయితే జర్మనీ గ్లైడర్ క్లబ్బుల్లో సోలో చేసినవాడి పిరుదులమీద చరిచే ఆచారానికి సముద్రంతో పొత్తు లేదు. దాన్ని మినహాయింపుగా తీసుకోవచ్చు.

సీటు సిద్ధాంతాన్ని ఇకనైనా పక్కన పెట్టాలి. హైదరాబాద్‌లోని బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్న పాతతరం పైలట్లు ఇంకా మన మధ్య ఉన్నారు. సోలో నాడు తమకేం చేశారో, ఎవరు ఏ సీట్లో ఉన్నారో వారిని అడిగి రాసిపెట్టే పని తెలుగు పరిశోధకులు చేపట్టాలి.